అమ్మకు అర్థమయ్యే భాషలో ఓ అరగంట

మిషిగన్‌లోని మా ట్రాయ్‌లో ఉండే తెలుగువాళ్లకు బిగ్ బీవర్ రోడ్డు మీది సిటీ హాల్ కొత్త కాదు. పక్కనే లైబ్రరీ. పిల్లలున్న ఇళ్లవాళ్లు వారానికి ఒక్కసారైనా అటు వెళ్తారు. 2011 డిసెంబరులో ఆ సిటీ హాల్ జనంతో కిక్కిరిసిపోయింది. బయట చలిలో ప్లకార్డులు, లోపల కౌన్సిల్ సమావేశంలో మైకు దగ్గర వరుస. అంతకు నెల కిందటే మేయర్‌గా గెలిచిన జానిస్ డేనియల్స్ ఫేస్‌బుక్‌లో రాసిన ఒక్క వాక్యం ఇందుకు కారణం. ఎన్నికకు ముందు, 2011 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేసినప్పుడు ఆమె రాసిన మాట అది. తన 'ఐ లవ్ న్యూయార్క్' సంచిని ఇక పారేస్తానన్నది దాని సారాంశం. ఆ పెళ్లిళ్లు చేసుకునేవాళ్లను ఆమె ఈసడింపుగా ఒక మాటతో పిలిచారు. ఆ మాట 'క్వీర్'.

ఆ గొడవలో అందరికంటే ముందు కదిలినవాళ్లలో ట్రాయ్ హైస్కూల్ పిల్లలున్నారు. తర్వాత పెద్దవాళ్లు అందుకున్నారు. 2012 నవంబరు 6న ట్రాయ్ ఓటర్లు ఆమెను రీకాల్ ఓటుతో పదవి నుంచి దించేశారు. ట్రాన్సిట్ సెంటర్‌కు వచ్చిన ఫెడరల్ నిధుల రగడ లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ నిప్పు రాజుకుంది మాత్రం ఆ వాక్యంతోనే. మన తెలుగు ఈమెయిల్ గ్రూపుల్లో అప్పట్లో దీని మీద జరిగిన చర్చ, ప్రాపర్టీ టాక్సుల మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా లేదు.

ఆ మేయర్ తిట్టుగా వాడిన మాటనే ఇప్పుడు మన పిల్లల కాలేజీల్లో బోర్డుల మీద చూస్తున్నాం. గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్, ఇంకా ఈ గీతల్లో ఇమడనివాళ్లు అందరూ కలిసి ఆ తిట్టును ఎత్తుకుని తమ పేరుగా పెట్టుకున్నారు. ఇంగ్లీషులో ఆ పని జరిగిపోయింది. తెలుగులో?

ఈ ప్రశ్న నాకు ఒక స్నేహితుడి ఇంట్లో ఎదురైంది. వాళ్లను అడిగి, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. వాళ్ల అబ్బాయికి పదిహేడేళ్లు. తాను గే అని నిరుడు అమ్మానాన్నలకు చెప్పాడు. మొదటి రెండు నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో చెప్పడం ఇక్కడ అనవసరం. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లారు, చదివారు, తెలిసినవాళ్లతో మాట్లాడారు, నిలదొక్కుకున్నారు. చిక్కు వచ్చింది తెనాలి దగ్గర ఊళ్లో ఉన్న నాయనమ్మతో. ఆవిడకు ఈ మనవడంటే ప్రాణం. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో "పెళ్లికూతుర్ని నేనే వెతుకుతా" అంటుంది. "అన్నా, వాడు ఇంగ్లీషులో చెప్పాడు, మాకు అర్థమైంది. అమ్మకి ఏ మాటతో చెప్పను? మన దగ్గరున్నవన్నీ తిట్లే కదన్నా" అన్నాడు మా వాడు.

నిజమే. సినిమా కామెడీ పుణ్యమా అని 'తేడా' అనే మాట ఒకటుంది. మిగతావి అచ్చు వేయదగ్గవి కావు. పత్రికలు మర్యాదగా వాడే 'స్వలింగ సంపర్కులు' కూడా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. సంపర్కం అన్న మాట మనిషి మొత్తాన్ని పడకగదికి కుదించేస్తుంది. ఆడా మగా పెళ్లాడితే 'భిన్నలింగ సంపర్కులు ఒక్కటయ్యారు' అని ఎవరూ రాయరు కదా. ఆ అబ్బాయి చదువు, వాడి టెన్నిస్, వాడు పెట్టే కాఫీ, నాయనమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు పద్యాలు, ఇవన్నీ ఆ మాటలో ఎక్కడ పడతాయి?

ఇంగ్లీషులో చెప్పగలిగినదాన్ని అమ్మ భాషలో చెప్పలేకపోవడం మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. నలభై ఏళ్ల కిందట లాస్ ఏంజెలెస్‌లో స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలకు ఇదే ఎదురైంది. వాళ్లు చేసిన పని తెలిశాక, మన హైదరాబాద్‌లో జరిగిన పనులు కూడా నాకు ఇంకాస్త స్పష్టంగా కనిపించాయి.

వంటింట్లో రేడియో

1981లో లాస్ ఏంజెలెస్‌లో కొందరు లాటినో యువకులు 'గే లాటినోస్ యునిదోస్' అనే సంఘం పెట్టుకున్నారు. గ్వాటెమాలా నుంచి వలస వచ్చిన రోలండ్ పలెన్సియా వాళ్లలో ఒకరు. తర్వాత మహిళలు చేరడంతో సంఘం పేరులో 'లెస్బియన్' కూడా చేరింది. పొట్టిగా జీఎల్ఎల్‌యూ. వాళ్ల ఇబ్బంది రెండు వైపులా ఉండేది. నగరంలోని గే సంఘాలు ఇంగ్లీషువి, తెల్లవాళ్లవి. అక్కడికి వెళ్తే వీళ్ల రంగు, యాస అడ్డొచ్చేవి. సొంత లాటినో సంఘాల్లో వలస హక్కుల గురించి, కూలి గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు కానీ ఈ సంగతి ఎత్తితే గదిలో నిశ్శబ్దం. ఇండియన్ కమ్యూనిటీలో పెరిగినవాళ్లకు ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సంఘం చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రేడియో. లాస్ ఏంజెలెస్‌లో కేపీఎఫ్‌కే అనే ఎఫ్ఎం స్టేషన్ ఉంది. 1959లో మొదలైంది. ప్రకటనలుండవు, శ్రోతల చందాలతో నడుస్తుంది. 1,10,000 వాట్ల ప్రసార శక్తి. 1980ల్లో జీఎల్ఎల్‌యూ సభ్యులు ఈ స్టేషన్‌లో 'రేడియో జీఎల్ఎల్‌యూ' పేరుతో తమ కార్యక్రమం నడిపారు. అందులో వినిపించిన గొంతుల్లో రీటా గొంజాలెస్‌ది ఒకటి.

అదే స్టేషన్‌లో 1974 నుంచే 'ఐఎంఆర్‌యూ' అనే గే కార్యక్రమం ఇంగ్లీషులో వస్తోంది. మరి ఇంకొకటి ఎందుకు? అసలు సంగతి అక్కడే ఉంది. ఇంగ్లీషు కార్యక్రమం కొడుక్కి చేరుతుంది, అమ్మకు చేరదు. అప్పటికి ఎయిడ్స్ మనుషుల్ని ఎత్తుకుపోతోంది. ఎలా సోకుతుంది, ఎలా సోకదు, పరీక్ష ఎక్కడ, రోగిని ముట్టుకోవచ్చా, ఒకే కంచంలో తినొచ్చా అన్న సమాచారం చాలావరకు ఇంగ్లీషులోనే తిరుగుతోంది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న తల్లికి ఆ భాష రాదు. జీఎల్ఎల్‌యూ వాళ్లే 1989లో ఎయిడ్స్ పని కోసం 'బియెనెస్తార్' మొదలుపెట్టారు. స్పానిష్‌లో ఆ మాటకు క్షేమం అని అర్థం. ఇప్పటికీ అది లాటినో కుటుంబాలకు ఆరోగ్య సేవలందిస్తోంది. ఈ సంఘం కథతో గ్రెగోరియో డావిలా 2022లో 'యునిదాద్' అనే డాక్యుమెంటరీ తీశారు.

రేడియోకున్న సుగుణం ఒకటుంది. ఎవరూ చూడకుండా వినొచ్చు. సంఘం ఆఫీసు మెట్లెక్కితే ఎవరైనా చూస్తారు. పత్రిక కొంటే ఇంట్లో దాచుకోవాలి. రేడియో అలా కాదు. వంటింట్లో గిన్నెలు తోముకుంటూనో, కారులో ఒంటరిగా వెళ్తూనో వాల్యూమ్ తగ్గించి వినొచ్చు. వినేవాడి ముఖం మాట్లాడేవాడికి కనిపించదు. ఇంకో సంగతి: ఆ అబ్బాయి కోసం పెట్టిన స్టేషన్‌ను పక్క గదిలో ఉన్న అమ్మ కూడా వింటుంది. అడగకుండానే ఆమెకు కొన్ని మాటలు అలవాటవుతాయి.

ఇదంతా సాఫీగా ఏమీ నడవలేదు. 1986 ఆగస్టులో ఐఎంఆర్‌యూలో ప్రసారమైన 'జెర్కర్' అనే గే నాటకంలోని భాగాలపై ఫిర్యాదు వెళ్లింది. 1987 ఏప్రిల్‌లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ ప్రసారాన్ని తప్పుపట్టి, కేపీఎఫ్‌కే వ్యవహారాన్ని న్యాయశాఖకు పంపింది. లైసెన్సు మీద కత్తి వేలాడుతున్న స్టేషన్‌లో కూర్చుని ఈ కార్యక్రమాలు చేసినవాళ్ల గుండె ధైర్యం చిన్నది కాదు.

మన దక్షిణాసియా వాళ్లూ ఆ కాలంలో ఖాళీగా లేరు. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో అర్వింద్ కుమార్, సువీర్ దాస్ 'త్రికోణ్' మొదలుపెట్టారు. అది పోస్టులో వెళ్లే పత్రికగా దేశదేశాలకు చేరింది. కానీ ఇంగ్లీషు పత్రిక. తెనాలి నాయనమ్మ దాకా రాదు.

హైదరాబాద్‌లో మైకు

ట్రాయ్ సిటీ హాల్ గొడవకు సరిగ్గా పది నెలల ముందు, 2011 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక ప్రసారం జరిగింది. నగరంలో గే సంస్కృతి పెచ్చరిల్లిపోయిందంటూ టీవీ9 ఒక కథనం వేసింది. ఒక డేటింగ్ వెబ్‌సైట్‌లోని ప్రొఫైళ్లను, ఫొటోలను తెర మీద చూపించింది. కొందరికి మామూలు మనుషుల్లా ఫోన్ చేసి మాట్లాడించి, ఆ సంభాషణలను ప్రసారం చేసింది. తెలుగిళ్లలో, తెలుగు భాషలో, అమ్మానాన్నలు భోజనాల వేళ చూసే తెర మీద. ఆ తెర మీద కనిపించిన కుర్రాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి.

కార్యకర్తలు ఊరుకోలేదు, ఫిర్యాదు చేశారు. మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్.వర్మ నేతృత్వంలోని న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ ఆ ఏడాది మార్చిలో చానల్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. క్షమాపణ ప్రసారం చేయమంది. లక్ష రూపాయలు ఒక చానల్‌కు లెక్కలోది కాదు. అయినా, ప్రైవేటు జీవితంలోకి కెమెరా దూర్చడం తప్పని తేలింది. అప్పటికి సెక్షన్ 377 మీద 2009 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పు అమల్లో ఉంది. అంటే ఆ కుర్రాళ్లు చట్టం దృష్టిలో నేరస్థులు కూడా కారు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి వాళ్లను మళ్లీ నేరస్థుల్ని చేసింది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు ఆ ముద్ర తీసేసింది.

గే కుర్రాళ్ల గొంతును దొంగతనంగా రికార్డు చేస్తే, మన హిజ్రాల గొంతును చట్టమే నొక్కేసింది. ఇది మనలో చాలామందికి తెలియని కథ, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. నిజాం కాలంలో, ఫస్లీ 1329లో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. ఇటీవలి దాకా దాని పేరు తెలంగాణ యూనక్స్ యాక్ట్. దాని ప్రకారం నగరంలోని హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. ఆడవాళ్ల దుస్తుల్లోనో నగలతోనో వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. బహిరంగంగా పాడినా, ఆడినా అంతే. రెండేళ్ల దాకా జైలు. బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టానికి ఇది తోబుట్టువు. పాట పాడి పొట్ట పోసుకునే మనుషులకు పాటే నేరమైంది. స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు దానిపై హైకోర్టుకెక్కారు. 2023 జులై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి.భాస్కర్ రెడ్డి ధర్మాసనం ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా ఆదేశించింది. నూట నాలుగేళ్లు పట్టింది.

మైకు మన చేతికి వస్తే ఏమవుతుందో తెలంగాణలో మొదట చూపించినవాళ్లు మాత్రం క్వీర్ కార్యకర్తలు కాదు, జహీరాబాద్ ప్రాంతంలోని దళిత మహిళలు. మాది ఆ వైపే కాబట్టి కాస్త గర్వంగా రాస్తున్నాను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు మాచనూరులో స్టూడియో పెట్టుకుని, లైసెన్సు లేని రోజుల్లో కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకునేవాళ్లు. ఆకాశవాణి తప్ప ఊళ్లో ఇంకెవరూ గాలిలోకి మాట పంపకూడదన్న రోజులవి. 1995లో జస్టిస్ పి.బి.సావంత్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతులిచ్చే విధానం వచ్చింది. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' 90.4 ఎఫ్ఎం మాచనూరులో మొదలైంది. ప్రారంభించింది ఆ జస్టిస్ సావంతే. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దాన్ని నడిపారు. సాయంత్రం 7 నుంచి 9 దాకా విత్తనాలు, పంటలు, పాటలు, ఆడవాళ్ల ఆరోగ్యం, అన్నీ వాళ్ల యాసలోనే.

మా చిన్నప్పుడు రేడియోలో వచ్చే తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడేది కాదు. వార్తలు చదివేవాళ్ల భాష వింటే, మేం మాట్లాడేది తప్పేమో అనిపించేది. మా మేనత్త సంఘం రేడియో మొదటిసారి విన్నప్పుడు అన్నది నాకింకా గుర్తే: "గిది మన లెక్కనే మాట్లాడ్తుంది గదరా." అంతే. రేడియో అంటే పెద్దలు చెప్పేది, మనం వినేది అన్న భయం ఆ ఒక్క మాటతో పోయింది.

బెంగళూరులో ఇలాంటి కమ్యూనిటీ రేడియోనే ట్రాన్స్ మహిళకు తలుపు తీసింది. 2007లో మొదలైన 'రేడియో యాక్టివ్' 90.4లో ప్రియాంక దివాకర్ ఆర్‌జేగా చేరారు. కన్నడంలో 'యారి ఇవరు' అని కార్యక్రమం చేశారు. ఎవరు వీళ్లు అని అర్థం. నగరం తమ గురించి అడిగే ప్రశ్ననే పేరుగా పెట్టుకుని తామే జవాబు చెప్పారు.

తెలుగులో ఆ పని 2017లో జరిగింది, రేడియోలో కాదు, యూట్యూబ్‌లో. హైదరాబాద్‌కు చెందిన ట్రాన్స్ మహిళ, కార్యకర్త రచన ముద్రబోయిన, మిత్రులు కలిసి 'ట్రాన్స్‌విజన్' చానల్ మొదలుపెట్టారు. తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లో. ట్రాన్స్ వ్యక్తులే తెర మీద కూర్చుని, జనానికున్న అనుమానాలకు తీరిగ్గా జవాబు చెబుతారు. ఆరేళ్ల ముందు అదే నగరంలో వేరేవాళ్లు వీళ్ల గొంతులు దొంగిలించి ప్రసారం చేశారని గుర్తుంటే, దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లీషు ఎంచుకుని ఉంటే ఢిల్లీ, ముంబై, న్యూయార్క్ నుంచి చప్పట్లు ఎక్కువ వచ్చేవి. వాళ్లు బస్తీలో ఇంటి ఓనరుకు, ఆసుపత్రిలో ఆయాకు, ఊళ్లో అమ్మకు అర్థమయ్యే భాషలు ఎంచుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో స్పానిష్ ఎందుకో, ఇక్కడ తెలుగు, ఉర్దూ అందుకే.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో జరిగిన తొలి ప్రైడ్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు 'క్వీర్ స్వాభిమాన యాత్ర'. ప్రైడ్ అన్న మాటను గర్వం అని దించేయకుండా స్వాభిమానం అన్నారు. గర్వం అంటే మనకు పొగరు. స్వాభిమానం అంటే తల వంచకపోవడం. ఎవరు సూచించారో గానీ భాష తెలిసినవాళ్లు. ఆ యాత్ర మీద మోజెస్ తులసి 'వాకింగ్ ది వాక్' అని డాక్యుమెంటరీ తీశారు.

ఇక ఇప్పుడు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లో 39 మంది ట్రాన్స్‌జెండర్ సహాయకులు చేరారు. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టి చేయి చాచడం తప్ప ఇంకో దారి లేని మనుషులు, ఇప్పుడు అదే సిగ్నల్ దగ్గర యూనిఫాంలో నిలబడి కార్లను ఆపుతున్నారు. మా నాన్న దాని వీడియో వాట్సాప్‌లో పంపి, కింద "మంచి పని" అని రాశారు. ఆయన వాట్సాప్‌లో ఏ ప్రభుత్వాన్నీ మెచ్చుకోగా నేను చూడలేదు.

మన పక్కనే

మిషిగన్‌కు వస్తే చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి, రెండు మూడు చెప్పి ముగిస్తాను. 1970 ఏప్రిల్ 15న డెట్రాయిట్ కెన్నెడీ స్క్వేర్‌లో వియత్నాం యుద్ధ వ్యతిరేక సభ జరిగింది. అక్కడ మైకు పట్టుకుని తాను గే అని చెప్పిన జిమ్ టాయ్, ఈ రాష్ట్రంలో అలా బహిరంగంగా చెప్పుకున్న మొదటి వ్యక్తి అంటారు. ఆయన తండ్రి చైనా మూలాలున్నవాడు. మన ఆసియా ముఖమే అన్నమాట. మరుసటి ఏడాది యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో క్వీర్ విద్యార్థుల కోసం ఆయన చొరవతో మొదలైన కార్యాలయమే ఇప్పటి స్పెక్ట్రమ్ సెంటర్. మన పిల్లలు ఏటా వందల్లో వెళ్లే ఆ ఆన్ ఆర్బర్‌లోనే. 2022 జనవరి 1న ఆయన కన్నుమూశారు. ఇంకో చిత్రం, భారత సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించిన నల్సా తీర్పు కూడా ఏప్రిల్ 15నే వచ్చింది, 2014లో.

ట్రాయ్‌కు దక్షిణాన, మన ఓక్లండ్ కౌంటీలోనే ఉన్న హేజల్ పార్క్‌కు చెందిన ఇద్దరు నర్సులు ఏప్రిల్ డిబోయర్, జేన్ రౌస్. తాము పెంచుకుంటున్న పిల్లలకు ఇద్దరూ చట్టబద్ధంగా తల్లులు కావాలని వేసిన కేసు, 2015 జూన్ 26న దేశమంతటా స్వలింగ వివాహాలకు దారి తీసిన సుప్రీంకోర్టు తీర్పులో భాగమైంది. 2023 మార్చిలో గవర్నర్ విట్మర్ సంతకంతో మిషిగన్ పౌరహక్కుల చట్టంలో లైంగికత, జెండర్ గుర్తింపు చేరాయి. ఉద్యోగంలోనూ అద్దె ఇంటి విషయంలోనూ వివక్ష చూపితే ఇప్పుడు రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. అంటే మన పిల్లలకు ఇక్కడ చట్టం ఉంది, బళ్లో సంఘం ఉంది, ఫెర్న్‌డేల్‌లో 1989 నుంచి 'అఫర్మేషన్స్' అనే కేంద్రం ఉంది. ఇంట్లో మాట లేదు.

మా స్నేహితుడు చివరికి ఏ మాటా వాడలేదు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో తల్లికి మామూలుగా చెప్పేశాడు. "అమ్మా, వీడు పెళ్లంటూ చేసుకుంటే అబ్బాయినే చేసుకుంటాడంట. మేం సరేనన్నాం." ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత తమ పుట్టింటి వీధిలో ఒకాయన సంగతి ఎత్తింది. అందరూ చిన్న బాబాయి అని పిలిచేవాళ్లు. బలవంతంగా పెళ్లి చేశారు. ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండా పుట్టింటికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు, ఇంకో పెళ్లీ చేసుకోలేదు. ఆయన ఊరు విడిచి వెళ్లాడు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. "ఇద్దరి ఉసురూ పోసుకున్నారు" అన్నదట ఆవిడ. వెంటనే, "ఊళ్లో ఎవరికీ చెప్పబాకండ్రా" అని కూడా అన్నది. ఆ తర్వాతి ఆదివారం పెళ్లికూతురి ప్రస్తావన తేలేదు. అంతవరకే. ఆవిడ ఒప్పుకున్నట్టా కాదా అని మా వాణ్ని అడిగితే, "ఫోన్ పెట్టేయలేదన్నా" అన్నాడు.

ఆమె కథ విన్నాకే నాకు రేడియో ఆలోచన వచ్చింది. అమెరికాలో మన తెలుగు ఇంటర్నెట్ రేడియోలకు కొదవలేదు. ఐ-75 మీద ఆఫీసుకు వెళ్తూ నేను వినేవి రెండున్నాయి. పాటలు, ఇమ్మిగ్రేషన్ లాయరు, రియల్ ఎస్టేట్, పండగ వంటలు, నాటికలు, అన్నీ ఉంటాయి. 1987లో కేపీఎఫ్‌కేకి ఉన్న లైసెన్సు భయం వీటికి లేదు. మాచనూరు ఆడవాళ్లలా ఏళ్ల తరబడి అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. సాంకేతికంగా చూస్తే, ఇందులో ఉన్న కష్టమేమిటో ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నాకు తెలుసు. ఏమీ లేదు.

తెలిసిన ఒక ప్రెజెంటర్‌కు ఫోన్ చేశాను. ఆవిడ రెండు ప్రశ్నలు అడిగారు. ఎవరు మాట్లాడతారు, స్పాన్సర్లు ఏమంటారు. రెండోదానికి జవాబు ఆవిడే చెప్పారు: "అరగంటే కదా, స్పాన్సర్ లేకుండా పెట్టుకుందాం." మొదటిదానికి జవాబు వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. మా స్నేహితుడి భార్య మాట్లాడతానంది, పేరు చెప్పకుండా. షికాగో నుంచి ఒక నడివయసు మనిషి పేరు చెప్పే మాట్లాడతానన్నారు. ఇరవై ఏళ్లుగా తన భాగస్వామిని అమ్మకు 'రూమ్మేట్' అని పరిచయం చేస్తూ వస్తున్నాడట. ఒక పిల్లల డాక్టరమ్మ తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు జవాబు చెబుతానన్నారు. ఇంగ్లీషు మాట దొర్లకుండా చెప్పగలరా అంటే, ప్రాక్టీసు చేస్తానన్నారు.

అబ్బాయి కూడా వస్తానన్నాడు. వాడి తెలుగు వంటింటి తెలుగు. 'ఆకలేస్తోంది', 'ఇంకాస్త పప్పు' దాటి పెద్దగా పోలేదు. కాగితం మీద ఇంగ్లీషులో రాసుకుని, వాళ్లమ్మతో కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చుకుంటున్నాడు. మొన్న నాకు ఫోన్ చేసి, "అంకుల్, 'ఐ యామ్ స్టిల్ ద సేమ్ పర్సన్' అంటే ఏమనాలి?" అని అడిగాడు. 'నేను అదే మనిషిని' అన్నాను. వాడికి నచ్చలేదు, సినిమా డైలాగులా ఉందన్నాడు. 'నేను మీ వాణ్నే' అంటే ఎలా ఉంటుందని వాడే అడిగాడు.

కార్యక్రమానికి పేరు ఇంకా కుదరలేదు. ప్రెజెంటర్ గారు 'ఇంద్రధనుస్సు' అన్నారు. షికాగో ఆయన వద్దన్నారు, చాలా చోట్ల వాడేశారట. డాక్టరమ్మ 'మనవాళ్లు' అంటున్నారు. వచ్చే శనివారం ఫోన్‌లో తేల్చాలి.